ఎండలో బల్ల వేసుకున్న డాక్టరమ్మగారు

డాక్టరమ్మగారు పోయారని నాకు చోడవరం బస్సు కండక్టరు చెప్పాడు. చీడికాడలో మా బడి రోడ్డు వారనే ఉంటుంది. మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయిస్తున్నాను. బస్సు వచ్చి ఆగింది, దిగేవాళ్ళెవరూ లేరు. కండక్టరు మెట్టు మీద నిలబడే, "టీచరమ్మా, సోడవరం డాక్టరమ్మగారు తెల్లారగట్ట పోయేరంట. మీకు సెప్పీమని మీ నాన్న సెప్పేడు" అని, విజిల్ ఊది వెళ్ళిపోయాడు. పిల్లలు ఎక్కం ఆపలేదు. నేనూ ఆపమనలేదు. ఆపితే వాళ్ళకి ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

పెద్దవాళ్ళు పోయినప్పుడు పత్రికల్లో రాసే రాతలు నేనూ చదువుతుంటాను. వాటిలో పోయినవాళ్ళకి కోపం ఉండదు, తిండి మీద యావ ఉండదు, ఎవరినీ పల్లెత్తు మాట అని ఉండరు. మా డాక్టరమ్మగారికి కోపమూ ఉంది, యావా ఉంది, ఆవిడ చేత మాట పడని మనిషి చోడవరంలో ఉన్నాడంటే నేను నమ్మను. అందుకని నాకు తెలిసిన మనిషినే రాస్తాను. ఇందులో మా ఇంటి గుట్టు కూడా ఒకటి ఉంది. రాయనా అని నాన్నని అడిగాను. "రాయ్. పేర్లు మాత్రం ఒద్దు" అన్నాడు.

ఆవిడ డిస్పెన్సరీ బస్సులు ఆగే చోటికి దగ్గరలోనే ఒక పెంకుటిల్లు. మిషను బడిలో చదువుకుని, డాక్టరీ పాసై, ఎక్కడెక్కడి ఆసుపత్రుల్లోనో పనిచేసి, చివరికి మా చోడవరం వచ్చి స్థిరపడ్డారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి, "ఎవడూ నన్ను రాత్రి నిద్దరలోంచి లేపకుండా ఉంటానని మాట ఇవ్వలేదు" అనేవారు. జ్వరాలూ పురుళ్ళూ అన్నీ చూసేవారు గానీ, అటు మాడుగుల నుంచి ఇటు అనకాపల్లి దాకా జనానికి ఆవిడ మచ్చల డాక్టరమ్మ.

ఒంటి మీద మచ్చతో వచ్చినవాళ్ళని ఆవిడ గదిలో చూసేవారు కాదు. ఇంటి వెనక తూర్పు వైపు ఎండ పడే చోట ఒక బల్ల వేయించి, చుట్టూ తడికలు కట్టించారు. ఎవరైనా ఆ బల్ల మీదే కూర్చోవాలి. పొద్దు వాలాక వస్తే, ఎంత దూరం నుంచి వచ్చినా సరే, అన్నం పెట్టించి అరుగు మీద పడుకోబెట్టేవారు తప్ప మచ్చ చూసేవారు కాదు. "దీపం కింద మచ్చలన్నీ అక్కచెల్లెళ్ళలాగే కనపడతాయి. ఎండలోకి తెస్తేనే ఎవరిది ఏ ఇల్లో తెలుస్తుంది" అనేవారు.

బల్ల మీద కూర్చున్న మనిషిని ముందు ప్రశ్నలేమీ అడిగేవారు కాదు. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, మచ్చ ఉన్న చోట తన అరచెయ్యి వేసేవారు. వేసి, "ఈ ఏడు మీ వైపు సెరుకు ఎలాగుంది? వానలు పడ్డాయా?" అని మాటల్లోకి దింపేవారు. ఇంట్లోవాళ్ళే దూరం జరుగుతున్న రోజుల్లో, ఎవరో పెద్దామె అక్కడే చెయ్యి వేసి చెరుకు గురించి అడిగితే, కొంతమందికి ఏడుపు వచ్చేది. ఏడుపు అయ్యేదాకా ఆ చెయ్యి తీసేవారు కాదు.

మన ఊళ్ళలో ఒంటి రంగు మారితే పేరు పెట్టడానికి అందరికీ తొందరే. ఆవిడ పుణ్యమా అని నాకు తేడాలు తెలిశాయి. వేసవిలో వీపు మీదా మెడ మీదా వచ్చే శోభి మచ్చని గోటితో గీరితే సన్నగా పొడి రాలుతుంది. గంధకం కలిపిన మందు రాసుకుంటే అదే పోతుంది. ఆడవాళ్ళ బుగ్గల మీద నల్లగా పేరుకునేది మంగు. దానికి ఎండ తగలకుండా చూసుకోవాలి, నిమ్మచెక్క పెట్టి తోమకూడదు. పాలు ఒలికినట్టు తెల్లగా, అందులో మొలిచిన వెంట్రుక కూడా తెల్లబడిపోతే బొల్లి. అది అంటుకోదు, మనిషిని ఏమీ చేయదు. ఇక నాలుగోది పెద్దరోగం, అంటే కుష్టు. దాని మచ్చ అంత తెల్లగా ఉండదు, పాలిపోయినట్టుంటుంది. అక్కడ చెమట పట్టదు, ఈక తగిలినా తెలియదు. ఊళ్ళో జనానికి మాత్రం ఈ నాలుగూ ఒకటే. మనిషిని అరుగు మీంచి దింపేయడానికి ఆఖరి పేరు ఒక్కటి చాలు. "మచ్చ పేరు తేలేదాకా మనిషికి పేరెట్టకండి" అని ఆవిడ ఎంతమందిని తిట్టారో లెక్కలేదు.

తిండి యావ అన్నాను కదా, అదీ చెప్పేస్తాను. మాడుగుల హల్వా అంటే ప్రాణం. అటు నుంచి వచ్చే రోగులు ఆకులో కట్టి తెచ్చేవారు. తీసుకుని మందుల బీరువాలో పెద్ద సీసా వెనక దాచేవారు. ఒంట్లో చక్కెర ఉన్నవాళ్ళని తీపి మానమని గంటసేపు చీవాట్లు పెట్టి పంపి, లోపలికి వెళ్ళి బీరువా తలుపు చాటున నిలబడి ఒక ముక్క నోట్లో వేసుకునేవారు. నేను ఒకసారి చూశాను. నేను చూసినట్టు ఆవిడా చూశారు. ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా నాకూ ఒక ముక్క ఉండేది.

ఇక మా సంగతి. నేను ఎస్సెల్సీ పాసైన ఏడాది, టీచరు ట్రైనింగుకి వెళ్ళాలని ఇంట్లో అనుకుంటున్న రోజుల్లో, నా కుడి మోచేతి కింద తెల్లమచ్చ వచ్చింది. ముందు కందిగింజంత. చూస్తుండగానే అరచెయ్యంత అయింది, మెడ మీద ఇంకొకటి మొదలైంది. అమ్మ ఎవరికీ చెప్పకుండా పొరుగింటావిడ ఒక్కదానికే చెప్పింది. అంటే ఊరందరికీ చెప్పినట్టే. కుండ మూతికి మూకుడు పెట్టగలం గానీ లోకుల మూతికి పెట్టలేం కదా. ఆ పొరుగింటావిడే, నల్లజీడి రసం పూస్తే తెల్లమచ్చ నల్లబడిపోతుందని వైద్యం చెప్పింది. అమ్మ పూసింది. తెల్లారేసరికి చెయ్యంతా బొబ్బలెక్కి, రసి కారి, గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది.

నాన్న నన్ను, అమ్మని వెంటబెట్టుకుని డాక్టరమ్మగారి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ బొబ్బలు చూసి అమ్మ వైపు తిరిగారు. "నల్లజీడి సాకలోళ్ళు బట్టలకి గుర్తెట్టుకునే సరుకు. నీ పిల్ల సంతలో తప్పిపోతాదని గుర్తెట్టేవా ఏటి?" అన్నారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడ వెంటనే మెత్తబడి, "సరే, కన్నతల్లివి, భయపడి చేసేవు. ఇప్పుడు పరీక్ష కుదరదు. పుండు మీద ఈక పెడితే నొప్పి తప్ప ఏటి తెలుస్తాది? మానేక రండి" అన్నారు.

అది మానేదాకా మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఊళ్ళో అప్పటికే పెద్దరోగం అని పేరు పెట్టేశారు. అమ్మ నా కంచం వేరు చేసింది, చేసి తనే వెక్కి వెక్కి ఏడ్చింది. నాన్న ఆ కంచంలోనే తన చెయ్యి పెట్టి అన్నం కలిపి నాకు ముద్దలు పెట్టాడు. "నా గుంటకి ఏటీ కాదు" అని అమ్మకి చెప్పేవాడు గానీ, ఆ మాట చెప్పేటప్పుడు నా వైపు చూసేవాడు కాదు.

నాన్న గురించి ఒక ముక్క చెప్పాలి. ఆయన గానుగ దగ్గర బెల్లం వండేవాడు. చెరుకు ఆడే రోజుల్లో, పెనంలో మరుగుతున్న పాకం ఎప్పుడు దింపాలో చెప్పే మనిషి ఆయనే. కాస్త ముందు దింపితే దిమ్మ కట్టదు, కాస్త ఆలస్యమైతే మాడి నల్లబడుతుంది. గరిటె మీది పాకాన్ని వేళ్ళతో తీసి, నీళ్ళలో ముంచి, ఉండ కట్టి చూసి చెప్పాలి. మిగతా వంటవాళ్ళు ముందు చెయ్యి తడుపుకుని, ఊదుకుని, ముట్టీ ముట్టనట్టు తీసేవారు. నాన్నకి ఆ హడావిడి లేదు. చల్దన్నం ముట్టుకున్నట్టు ముట్టుకునేవాడు. అగ్గి ఆడికి సుట్టం అని గానుగ దగ్గర చెప్పుకునేవారు. గానుగ రైతు కూడా ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే, "సూడు మా ఓడి ఏలు" అని పిలిచి చూపించేవాడు. నాకూ గర్వంగానే ఉండేది.

పుండు మానింది. మళ్ళీ వెళ్ళాం. ఆవిడ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, మచ్చ మీద చెయ్యి వేసి, నా చదువు గురించి అడిగారు. తర్వాత నా కళ్ళకి గుడ్డ కట్టారు. ఆవిడ పద్ధతి ఏమిటంటే, పరీక్ష తను చేసేవారు కాదు. ఇంట్లో ఎవరికి ఎక్కువ భయమో వాళ్ళ చేత చేయించేవారు. "నేను చేస్తే నా మాట నమ్మాలి. మీరు చేస్తే మీ కళ్ళని మీరే నమ్ముతారు" అనేవారు. ముందు కోడి ఈక అమ్మ చేతికి ఇచ్చారు. అమ్మ ఎక్కడ తాకిస్తే అక్కడ నేను వేలు పెట్టి చూపించాను. ఒక్కటీ తప్పు పోలేదు. తర్వాత రెండు గాజు గొట్టాలు, ఒకదాంట్లో చన్నీళ్ళు, ఒకదాంట్లో వేన్నీళ్ళు పోసి నాన్నకి ఇవ్వబోయారు. అప్పుడే పొయ్యి మీంచి దింపిన నీళ్ళు. వేడి గొట్టాన్ని గుడ్డతో పట్టుకోమని గుడ్డ కూడా తీస్తున్నారట. నాన్న ఆత్రంలో గొట్టాన్ని వేళ్ళతోనే అందుకుని నా మచ్చ మీద ఆన్చాడు.

నేను కెవ్వుమని చెయ్యి లాక్కున్నాను. "కాలింది నాన్నా."

"ఏటే, అంత వేడేటి నేదే" అన్నాడు నాన్న.

 నేను కళ్ళకి కట్టిన గుడ్డ తీసేసుకుని చూశాను. నాన్న ఇంకా గొట్టం పట్టుకునే ఉన్నాడు. డాక్టరమ్మగారు అది ఆయన చేతిలోంచి తీసుకున్నారు, తీసుకున్న వెంటనే బల్ల మీద పెట్టేసి వేళ్ళు చెవికి ఆన్చుకున్నారు. ఆ తర్వాత ముందు నాతోనే మాట్లాడారు. "నీకేం లేదమ్మా. ఇది ఒట్టి బొల్లి. ఎవరికీ అంటుకోదు. నువ్వు మాస్టారమ్మవి అవుతావు" అన్నారు. అమ్మ అక్కడే కూలబడి దేవుళ్ళందరికీ దండాలు పెట్టింది. నాన్న నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

"బాబూ, నువ్వేం పని చేస్తావ్?" అని ఆవిడ నాన్నని అడిగారు.

"గానుగ కాడ పాకం సూసి దింపుతానమ్మా. ఏలెట్టి సూత్తాను. నా ఏలు కాలదు" అన్నాడు నాన్న, సంతోషంలో.

"ఎప్పట్నుంచి కాలదు?" అన్నారు ఆవిడ.

ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ నాన్నని అడగలేదు. ఆయన నవ్వు కాసేపు అలాగే మొహం మీద ఉండిపోయింది. తర్వాత తన చేతిని తనే తిప్పి చూసుకున్నాడు. తడిక అవతల ఇంకా మనుషులున్నారు. ఆవిడ గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "పిల్లకి మందు కలిపి ఉంచుతాను. రేపు పొద్దున్నే పిల్లని తీసుకుని నువ్వే రా" అన్నారు.

మర్నాడు ఆ బల్ల మీద నాన్న కూర్చున్నాడు. మసి, పాత బొబ్బల గుర్తులు అన్నీ సబ్బుతో కడిగించి ఎండలో చూస్తే, మణికట్టు పైన పాలిపోయిన మచ్చ ఉంది. మోచేతి దగ్గర నరం తాడులాగా గట్టిపడింది. చిటికెన వేలు కొంచెం వంగడం మొదలెట్టింది. గరిటె పట్టి పట్టి అలా అయిందని మేం అనుకునేవాళ్ళం. ఆవిడ మచ్చ మీద చెయ్యి వేసే ఉంచి రోగం పేరు చెప్పారు. నన్ను భయపెట్టిన రోగమే అది.

"నా బెల్లం ఏటవుతాది?" అన్నాడు నాన్న. కూతురు ఏమవుతుంది, పెళ్ళాం ఏమవుతుంది అని అడగలేదు. అవన్నీ ఆ బెల్లంలోనే ఉన్నాయి మాకు. ఆ సంగతి పొక్కితే ఆయన చేతి బెల్లం ఎవరూ కొనరు, గానుగ గుమ్మం ఎక్కనివ్వరు, నా ట్రైనింగు మాట దేవుడెరుగు.

"అది బెల్లంలోంచి పాకే రోగం కాదు. ముందే కనిపెట్టేం, మందు మింగితే తగ్గిపోతాది. ఇప్పుడు నీ వల్ల ఇంకొకళ్ళకి వచ్చే భయం కంటే, నీ చేతికి నువ్వు చేసుకునే చేటే ఎక్కువ. వేడి తెలీదు కాబట్టి కాల్చుకుంటావు, నొప్పి తెలీదు కాబట్టి పట్టించుకోవు, చివరికి వేళ్ళే పోతాయి. ఇవాళ్టి నుంచి పాకంలో వేలెట్టకు" అన్నారు ఆవిడ.

"ఏలెట్టకపోతే పాకం ఎలాగ తెలుస్తాది?"

ఆవిడ నవ్వారు. "పిచ్చోడా, నీ వేలికి వేడే తెలీనప్పుడు, ఉండ గట్టిపడిందో లేదో మాత్రం ఎలాగ తెలుస్తాది? ఇన్నాళ్ళూ నువ్వు చూసింది కంటితో. వేలు ఊరికే జనం కోసం."

 ఇంటికి వస్తూ దారిలో నాన్న, "నిజమేనే. రంగు సూసే దింపుతాను. పొంగు సూసీ, వోసన సూసీ" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. నాన్న పనితనం ఉన్నది చేతిలో కాదనీ, అది పోదనీ ఆవిడ ఒక్క మాటతో చెప్పేశారు. మందు కంటే ముందు ఆయనకి తగిలింది ఆ మాటే.

ఆ ఏడు నుంచి నాన్న చెక్కగరిటెతో పాకం తీసి, కొబ్బరి చిప్పలో నీళ్ళలో వేసి చూడటం మొదలెట్టాడు. గానుగ దగ్గర ఏడిపించారు. "ఏట్రా, ముసిలోడివైపోతన్నావా? అగ్గంటే బయమేసిందా?" అని అడిగేవారు. "ఔను, బయమే" అనేవాడు. ఉన్న గొప్ప ఆ ఒక్కటే, దాన్ని తన చేత్తో తనే వదిలేసుకుని నవ్వుతూ మాట పడ్డాడు. బెల్లం మాత్రం ఎప్పటిలాగే పసుపుపచ్చగా వచ్చింది.

వారం వారం మందుకి వెళ్ళాలి. పెద్దరోగం మాత్రలు ఇస్తున్నట్టు తెలిస్తే గుట్టు రట్టవుతుంది. ఒకరోజు డాక్టరమ్మగారు నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచి, "నీ మచ్చ అందరికీ కనపడేదే. మీ నాన్నది కనపడనిది. నీ మచ్చ చాటున ఆయన్ని దాచుకుందామా? ఊళ్ళో నిన్నే చూస్తారు, నీ గురించే మాట్లాడతారు. నీకు ఇష్టమైతేనే" అన్నారు. నాకు అప్పటికి పదిహేడేళ్ళు లేవు. అంత పెద్ద విషయంలో నా ఇష్టం అడిగిన మొదటి మనిషి ఆవిడే. సరేనన్నాను. అప్పట్నుంచి ఊరికి నేను బొల్లి గుంటని, నాన్న కూతుర్ని మందుకి తిప్పుతున్న పాపం తండ్రి. వారానికోసారి మేమిద్దరం నడిచి వెళ్ళేవాళ్ళం. మాట్లాడుకునేది తక్కువ. కానీ నాన్న నాకు దొరికింది ఆ నడకల్లోనే.

ఆవిడ మా ఇంటిల్లిపాదినీ, నన్నూ అమ్మనీ కూడా, ఎండలో కూర్చోబెట్టి ఒళ్ళంతా వెతికారు. నాన్నకి రోజూ పొద్దుగూకేలోగా చేతులు కడుక్కుని, బొబ్బ గానీ గాటు గానీ ఉందేమో కళ్ళతో వెతుక్కోవడం నేర్పారు. నాకేమో బావంచాల గింజల నూనె రాసుకుని పొద్దుటి ఎండలో కాసేపు కూర్చోమన్నారు. చాలా నెలలు ఏమీ కనపడలేదు. తర్వాత ఒకరోజు తెల్లమచ్చలో వెంట్రుకల మొదళ్ళ దగ్గర, మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు వచ్చాయి. ఆవిడ భూతద్దం పెట్టి చూసి, చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టారు. చేతి మచ్చ చాలావరకు నిండింది. మెడ మీది మచ్చ ఇవాళ్టికీ అలాగే ఉంది. "ఇది రాదేమో అమ్మా?" అని అడిగితే, "వస్తే వస్తాది. రాకపోతే ఆ రంగుతోనే పాఠాలు చెప్పు. ఎక్కాలకి రంగుతో పనేటి?" అన్నారు.

ట్రైనింగు స్కూల్లో చేరడానికి పట్నం వెళ్ళినప్పుడు అక్కడి ప్రిన్సిపాలు పెద్దమ్మగారు నా మెడ చూసి వెనక్కి జరిగారు. ఇలాంటిదేదో జరుగుతుందని డాక్టరమ్మగారు నాతో బస్సులో వచ్చారు. బొల్లి అంటుకోదని ఒకసారి చెప్పారు. ఆ పెద్దమ్మగారు ఇంకా నసుగుతుంటే రెండోసారి చెప్పలేదు. మాకు ఇచ్చిన కాఫీలో నేను సగం తాగి కింద పెట్టిన గ్లాసు తీసుకుని, మిగతా సగం తాగేశారు. తాగి, మూతి తుడుచుకుని, "పంచదార తక్కువైంది" అన్నారు. నన్ను చేర్చుకున్నారు.

కొన్నేళ్ళకి డాక్టరమ్మగారు పట్నంలో పరీక్ష చేయించి, ఇక మాత్రలు అక్కర్లేదు, ఈయన వల్ల ఎవరికీ భయం లేదని నాన్నకి చెప్పారు. వంగిన చిటికెన వేలు మళ్ళీ తిన్నగా అవలేదు, వేళ్ళకి వేడి తెలియడం తిరిగి రాలేదు. చెయ్యి మాత్రం నిలిచింది. ఆ రోజే ఆవిడ నాన్నని ఒక మాట అడిగారు. "బాబూ, నా దగ్గరికి వచ్చేవాళ్ళు వేళ్ళు పోయేక వస్తన్నారు. భయపడి ఇళ్ళలో దాక్కుంటన్నారు. నేను చెప్తే డాక్టరు మాట అంటారు. నువ్వు ఒక్కసారి పదిమందిలో చెప్తే నమ్ముతారు. చెప్తావా?"

నాన్న తల అడ్డంగా ఊపాడు. "నా వల్ల కాదమ్మా. ఈ గుంట ఉజ్జోగం, నా గానుగ. సెప్పనేను."

"సరే. అడిగేను గానీ ఆర్డరు కాదు" అన్నారు. మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. పండగకి వెళ్ళినా, హల్వా తీసుకెళ్ళినా, అదే నవ్వు, అదే పలకరింపు. తిడితే బాగుండునని నాన్న ఒకటి రెండుసార్లు నాతో అన్నాడు.

ఆవిడ పోయిన కబురు విని నేను చోడవరం చేరేసరికి ఇంటి ముందు రోడ్డు నిండిపోయింది. కొన్నాళ్ళకి చర్చి ఆవరణలో పందిరి వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. అలాంటి కూడికల్లో, పోయినవాళ్ళ వల్ల మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పడం క్రైస్తవుల్లో వాడుక. చాపల మీద ఒక వైపు ఆడవాళ్ళు, ఒక వైపు మగవాళ్ళు. పందిరి చాలక చాలామంది బయట ఎండలో నిలబడ్డారు. నేను ఆడవాళ్ళలో చర్చి గుమ్మానికి దగ్గరగా కూర్చున్నాను. నాన్న మగవాళ్ళ మధ్యలో, గానుగ రైతు పక్కన కూర్చున్నాడు.

ఒకరి తర్వాత ఒకరు లేచారు. పురుడు పోశారని ఒకరు, టైఫాయిడు నుంచి బతికించారని ఒకరు చెప్పారు. మచ్చల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఊరంతా మచ్చల డాక్టరమ్మ అని పిలిచిన మనిషి కూడికలో మచ్చ అన్న మాట వినపడలేదు. పాస్టరుగారు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగి, పాట ఎత్తబోతుంటే నాన్న లేచి నిలబడ్డాడు.

"నాను కిరస్తానం కాదు. మాటాడొచ్చా?"

"మాటాడు బాబూ" అన్నారు పాస్టరుగారు.

"ఈయమ్మ నా కూతురికి బొల్లి మందు ఇచ్చిందని మీకందరికీ ఎరికే. ఆ గుంటతో పాటు పెతి వారం నానూ ఎల్లేవోడిని. మందు నాక్కూడా ఇచ్చింది. నాకొచ్చింది బొల్లి కాదు. పెద్దరోగం."

 నా చుట్టూ ఆడవాళ్ళు ముందు నాన్నని, తర్వాత నన్ను చూశారు.  నాన్న ఆగలేదు.

"ఇప్పుడు నేదు. నేదని ఆయమ్మే పరీచ్చ సేయించి సెప్పింది. ఇదిగో, ఈ ఏలు వొంగిపోనాది, అంతే. ఇంకా ముందే ఎల్లుంటే ఇదీ వొంగును కాదు. ఒకపాలి పదిమందిలో సెప్పమని నన్ను అడిగింది. సెప్పనేనన్నాను. మళ్ళీ అడగనేదు. బతికున్నప్పుడు సెప్పుంటే ఇనేది. మీలో ఎవురికైనా సేతికి వేడి తెలీకపోతే, మొగోడినని మురిసిపోకండి, నాలాగ. దాక్కోకండి. ఎల్లి సూపించుకోండి. ఆయమ్మ నేదు గానీ మందుంది."

చెప్పాల్సింది అయిపోయాక ఎలా కూర్చోవాలో ఆయనకి తెలియలేదు. నిలబడే ఉన్నాడు. వెనక చాప మీంచి ఇద్దరు లేచి, కండువాలు దులుపుకుని బయటికి వెళ్ళిపోయారు. ఆయనకి ఎడం పక్కన కూర్చున్నాయన కూడా లేచి వాళ్ళ వెనకే వెళ్ళాడు. గానుగ రైతు కదల్లేదు. తల ఎత్తి నాన్న వైపు చూడలేదు కూడా. చాలాసేపు నేల చూసి, చివరికి నాన్న పంచె అంచు పట్టుకుని లాగాడు.

"కూకోరా. నువ్వు నించుంటే ఎనకాలోళ్ళకి అవుపడదు."

నాన్న కూర్చున్నాడు. పాస్టరుగారు పాట ఎత్తారు. నాకు ఆ ఖాళీ అయిన ఎడం పక్కే కళ్ళ ముందు ఉంది. ఆడవాళ్ళెవరూ అటు వైపు వెళ్ళి కూర్చోరు, అయినా సరే, ఎవరేమనుకున్నా వెళ్ళి నాన్న పక్కన కూర్చుందామని లేచాను. చెమట పట్టిన మెడ మీద మచ్చ కనపడకుండా కొంగు సర్దుకోబోయి, మానేసి, మనుషుల్ని తప్పించుకుంటూ పందిరి అవతలి వైపుకి చేరాను.

ఎండలో నిలబడ్డవాళ్ళు అప్పటికే లోపలికి జరిగి, దొరికిన చోటల్లా సర్దుకుని కూర్చున్నారు. నాన్నకి అటూ ఇటూ భుజాలు ఒరుసుకుంటూ మనుషులు. ఎవరి మోకాలో ఆయన తొడ మీదకి ఎక్కింది. నాన్న పక్కన నాకు చోటు లేదు. పందిరి రాట పట్టుకుని, పాట అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.